ఇంట్లో చెట్టు కప్ప: చర్మంతో నీళ్లు తాగే ప్రాణిని పెంచే పద్ధతి

తొలకరి పడిన వారం పది రోజులకు మన ఊళ్లలో స్నానాల గది గోడ మీదో, నీళ్ల తొట్టి అంచునో, ఒక్కోసారి ఏకంగా దండెం మీది తువ్వాలు మడతలోనో గోధుమ రంగు కప్ప ఒకటి కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంటుంది. వేళ్ల చివర గుండ్రని మెత్తలు ఉండే ఈ కప్ప మన దేశపు చెట్టు కప్ప. శాస్త్రజ్ఞులు దీనిని పాలిపిడేటస్ మాక్యులేటస్ అంటారు. దాన్ని చూసి ముచ్చటపడిన పిల్లలు సీసాలో వేసి పెంచుకుందామని అడగడం సహజమే కానీ, ఆ పని చేయవద్దు. బయట పుట్టి పెరిగిన కప్ప గాజు గోడల మధ్య ఇమడలేక మూతి రాచుకుపోయేదాకా గోడలకు కొట్టుకుంటుంది, తిండి మానేస్తుంది, ఒంట్లో ఉన్న పురుగులు ఆ ఒత్తిడిలో విజృంభిస్తాయి. ఒక గ్లాసు బోర్లించి, కింద నుంచి అట్టముక్క తోసి, పెరటి మొక్కల్లో వదిలిపెట్టడమే దానికి మనం చేయగలిగిన మేలు.

ఇంట్లో పెంచడానికి తగినది వేరే ఉంది. అమెరికాలోనూ ఐరోపాలోనూ దశాబ్దాలుగా మనుషుల చేతుల్లోనే గుడ్లు పెట్టి, పిల్లలై, తరాలు గడిచిన వైట్స్ ట్రీ ఫ్రాగ్ అనే ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టు కప్ప గురించే ఈ వ్యాసం. డాలస్ దగ్గర ఉంటున్న మా ఇంట్లో ఉన్నది ఇదే జాతి. అమెరికాలోని తెలుగు ఇళ్లలో పిల్లలు కుక్కపిల్ల కావాలని మొదలుపెట్టి, బేరం కుదరక చివరికి కప్ప దగ్గర ఆగుతుండడం ఈమధ్య తరచుగా చూస్తున్నాను కాబట్టి, తెనుగింటి వంటగదికీ పూజగదికీ మధ్య ఈ ప్రాణి ఎలా బతుకుతుందో వివరంగా రాయవలసిన అవసరం కనిపించింది. ఆంగ్లంలో దొరికే సూచనల్లో పోపు గురించి, సాంబ్రాణి గురించి ఎవరూ రాయరు.

ఎలాంటి కప్ప

ఆస్ట్రేలియా ఉత్తర, తూర్పు ప్రాంతాల్లోనూ న్యూగినీ దక్షిణ భాగంలోనూ సహజంగా ఉండే ఈ కప్పను, 1788లో సిడ్నీ చేరిన తొలి ఓడల దండుతో వచ్చిన వైద్యుడు జాన్ వైట్ ప్రయాణ గ్రంథంలో 1790లో మొదటిసారి వర్ణించారు. శాస్త్రీయ నామంలోని 'సెరూలియా' అనే మాటకు లాటిన్‌లో నీలం అని అర్థం. పచ్చగా ఉండే కప్పకు నీలం పేరు ఎందుకంటే, దాని చర్మంలో నీలి కాంతిని వెదజల్లే పొర మీద పసుపు వర్ణద్రవ్యం ఉంటుంది. ఆ రెండూ కలిసి మన కంటికి ఆకుపచ్చగా కనిపిస్తాయి. సారాయిలో నిల్వ చేసిన నమూనాలో పసుపు కరిగిపోయి నీలం మిగిలింది, పేరు అలా నిలిచిపోయింది.

పెద్దదైన ఆడకప్ప పది సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది, మగది దానికంటే చిన్నది. మగదాని గొంతు కింద చర్మం బూడిద రంగులో ముడతలు పడి ఉంటుంది, ఆడదాని గొంతు తెల్లగా ఉంటుంది. పగలంతా నిద్రపోయి రాత్రి తిరుగుతుంది. స్వభావం నెమ్మది, మొదటిసారి చూసిన మా అమ్మ "ఇదేమిట్రా, బొమ్మల కొలువులో పెట్టినట్టు కదలకుండా కూర్చుంది" అన్న మాట దీనికి సరిగ్గా సరిపోయే వర్ణన. బాగా చూసుకుంటే 15 ఏళ్లు దాటి బతుకుతుంది, 20 ఏళ్లు బతికినవీ ఉన్నాయి. అంటే మూడో తరగతి పిల్లవాడి కోసం ఈ రోజు కొన్న కప్ప, వాడు చదువు ముగించి ఉద్యోగంలో చేరే నాటికి కూడా మీ హాల్లోనే కూర్చుని ఉండవచ్చు. కొనే ముందు ఈ లెక్క వేసుకోవలసింది పిల్లలు కాదు, తల్లిదండ్రులు.

ఇక మిగిలిన వ్యాసమంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింద, తొడల దగ్గర ఉండే పలుచని చర్మంతో నీటిని పీల్చుకుంటుంది. ఊపిరితిత్తులు ఉన్నా, కొంత శ్వాస కూడా చర్మం ద్వారానే సాగుతుంది. కాబట్టి దాని ఒంటికి తగిలిన ప్రతిదీ దాదాపు దాని నోట్లో పెట్టినట్టే. నీరు, గాలి, మన చేతులు అనే ఈ మూడూ సరిగా ఉంటే మిగతా లోపాలను ఈ జాతి చాలావరకు ఓర్చుకుంటుంది. ఈ మూడింట్లో ఒకటి తప్పినా ఎంత ఖరీదైన గాజు పెట్టె కొన్నా ఉపయోగం లేదు.

కొనేటప్పుడు

ఇండోనేషియా నుంచి అడవిలో పట్టిన కప్పలు కూడా మార్కెట్‌లోకి వస్తాయి, అవి చవక. ఇంట్లో పుట్టిన పిల్లల్ని నేరుగా అమ్మే పెంపకందారు దగ్గరే కొనండి. తల్లిదండ్రుల్ని చూపించమని అడగండి, ఏమి తింటోందో అడగండి, వీలైతే మీ ఎదుటే ఒక పురుగును తినిపించమనండి. ఆరోగ్యంగా ఉన్న కప్ప కళ్లు ఉబ్బెత్తుగా, స్పష్టంగా ఉంటాయి, తుంటి ఎముకలు పొడుచుకుని కనిపించవు, పగలు ఎత్తుగా ఏ ఆకు మీదనో గాజు గోడకో అతుక్కుని నిద్రపోతుంది. పట్టపగలు కళ్లు తెరుచుకుని నేల మీద చతికిలబడిన కప్పను జాలిపడి కొనకండి. మేము మొదట ఒక దుకాణంలో అలా జాలిపడి కొన్నదానికి కడుపు నిండా పురుగులు ఉన్నాయి. వైద్యుడి ఖర్చు కప్ప ధరకు ఎన్నో రెట్లు అయింది, అది మూడు నెలలు కూడా దక్కలేదు.

ఆస్ట్రేలియాలో ఉన్నవారి సంగతి వేరు. ఇది అక్కడి దేశవాళీ ప్రాణి కాబట్టి న్యూ సౌత్ వేల్స్‌లో దీన్ని పెంచడానికి లైసెన్సు తీసుకోవాలి, పెరట్లో కనిపించిన కప్పను పట్టుకుని పెంచుకోవడం కుదరదు. మీరుండే రాష్ట్రపు వన్యప్రాణి శాఖ నిబంధనలు చూసుకున్న తరువాతే ముందుకు వెళ్లండి. ఫొటోల్లో అందరికీ నచ్చే ఎర్రకళ్ల చెట్టు కప్ప మొదటిసారి పెంచేవారికి తగదు, అది సున్నితమైనది. పైగా 2010 నుంచి అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. ఆ ఒప్పందపు జాబితాలో ఉన్న ప్రాణిని భారతదేశంలో ఇంట్లో ఉంచుకున్నవారు, 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని నమోదు చేయించాలి.

గాజు ఇల్లు

కప్ప రాకముందే, కనీసం రెండు వారాల ముందు ఇల్లు సిద్ధం కావాలి. చెట్టు కప్పకు నేల వైశాల్యం కంటే ఎత్తు ముఖ్యం. 45 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, ముందువైపు తలుపు, పైన జాలీ ఉన్న పెట్టె ఒక పెద్ద కప్పకు, సర్దుకుంటే సమానమైన పరిమాణంలో ఉన్న రెండింటికి సరిపోతుంది. పైనుంచి చేయి పెట్టే అక్వేరియం కంటే ముందు తలుపు ఉన్నది మేలు. పైనుంచి దిగే చేయి దాని కంటికి గద్ద.

అడుగున గులకరాళ్లు వేయకండి. పురుగు మీదకు దూకేటప్పుడు రాయి కూడా నోట్లోకి పోతుంది, పేగులో ఇరుక్కుంటుంది. కొబ్బరి పీచు పొట్టును కడిగి, పిండి, నాలుగైదు సెంటీమీటర్ల మందాన పరచవచ్చు. మొదటి రెండు నెలలు మాత్రం రంగు, వాసన లేని తెల్ల పేపర్ టవల్ ఒక్కటే వేసి ఉంచితే మలం ఎలా ఉందో కనిపిస్తుంది, పరీక్షకు పంపడం కూడా తేలిక. మొక్కల్లో మన మనీ ప్లాంటును మించినది లేదు. తక్కువ వెలుగులో బతుకుతుంది, లావుపాటి కప్ప ఎక్కి తొక్కినా విరగదు. అయితే నర్సరీ నుంచి తెచ్చిన మొక్క ఆకుల మీద పురుగుమందు, కుండీ మట్టిలో ఎరువు గుళికలు ఉంటాయి. మట్టి మొత్తం దులిపి, ఆకులూ వేళ్లూ కడిగి, శుభ్రమైన పీచులో నాటి, కొన్ని వారాలు బయట ఉంచిన తరువాత లోపల పెట్టాలి. అడ్డంగా, ఏటవాలుగా రెండు మూడు లావుపాటి కొమ్మలు, నిలువుగా ఒక బెరడు పలక అమర్చండి. ఏ కొమ్మ అయినా దాని ఒళ్లంత లావు ఉండాలి, కదలకుండా బిగించి ఉండాలి.

నీళ్లు

నీళ్ల గిన్నె వెడల్పుగా, కప్ప కూర్చుంటే పొట్ట మునిగి గడ్డం తేలేంత లోతుగా ఉండాలి. ఈ కప్పలకు ఈత అంతగా రాదు. కుళాయి నీటిని నేరుగా పోయవద్దు. నీటిలో ఉండేది మామూలు క్లోరిన్ అయితే వెడల్పాటి పాత్రలో ఒక రోజు ఉంచితే ఎగిరిపోతుంది. ఇండియాలో బిందెలో పట్టి ఉంచిన నీళ్లు చేపలకు పోసే అలవాటు అందుకే పనిచేసింది. అమెరికాలో డాలస్ సహా అనేక నగరాలు క్లోరిన్, అమ్మోనియాల కలయిక అయిన క్లోరమైన్ కలుపుతాయి. అది ఒక రోజు కాదు, నాలుగు రోజులు ఉంచినా పోదు, మరిగించినా త్వరగా వదలదు. అక్వేరియం దుకాణంలో దొరికే డీక్లోరినేటర్‌ను, సీసా మీద క్లోరమైన్‌కు కూడా పనిచేస్తుందని రాసి ఉన్నదాన్ని చూసి తీసుకుని, చెప్పిన మోతాదులో కలపాలి.

ఇంట్లో ఆర్వో మిషను ఉంది కదా, మనం తాగే నీళ్ల కంటే శుభ్రమైనవి ఏమున్నాయని చాలామంది ఆ నీళ్లే గిన్నెలో పోస్తారు. ఆర్వో నీటిలో లవణాలు దాదాపుగా ఉండవు. గంటల తరబడి అందులో కూర్చున్న కప్ప ఒంట్లోకి నీరు అదే పనిగా చేరుతుంది, ఒంట్లోని లవణాలు బయటకు పోతాయి. గిన్నెలోకి క్లోరిన్ తీసేసిన కుళాయి నీరు, తుంపర కొట్టడానికి మాత్రం ఆర్వో నీరు అన్నది మేము పాటించే పద్ధతి. ఆర్వో నీళ్లు కొడితే గాజు మీద తెల్ల మచ్చలు కూడా పడవు.

గిన్నెను రోజూ మార్చాలి. వారానికి రెండుసార్లు అన్నది సరిపోదు, ఎందుకంటే కప్ప తాగేదీ, మలమూత్రాలు విసర్జించేదీ ఆ గిన్నెలోనే. పొద్దున లేచి చూసేసరికి నీళ్లు తేటగానే కనిపించవచ్చు, అందులో కరిగిన అమ్మోనియా కంటికి కనిపించదు, అది తిరిగి పొట్ట చర్మం గుండా లోపలికి పోతుంది. గిన్నెను వేడినీటితో, దీనికోసమే కేటాయించిన బ్రష్షుతో రుద్దితే చాలు. అంట్లు తోమే సబ్బు, స్క్రబ్బర్ దగ్గరికి రానీయకండి. గాజుకు పట్టిన మరకలకు తెల్ల వెనిగర్ పలచగా కలిపి తుడిచి, తరువాత మంచినీటితో రెండుసార్లు తుడవాలి. ఆ సమయంలో కప్ప వేరే పెట్టెలో ఉండాలి.

ఉదయం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి తుంపర కొట్టి, లోపల తేమ 50 నుంచి 70 శాతం మధ్య ఉండేలా చూడండి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి లోపల ఉండాలి. రెండు తుంపరల మధ్య ఆకులు ఆరాలి. కప్ప కదా అని ఎప్పుడూ చిత్తడిగా ఉంచితే చర్మానికి బాక్టీరియా పడుతుంది. ఈ జాతి ఇతర చెట్టు కప్పల కంటే పొడిని బాగా తట్టుకుంటుంది, చిత్తడిని తట్టుకోదు.

ఇంటి గాలి

గాజు పెట్టెకు పైన జాలీ ఉంటుంది కాబట్టి మన ఇంటి గాలే దాని గాలి. దోమల కాయిల్, గోడ ప్లగ్గులో పెట్టే దోమల మందు, బొద్దింకల స్ప్రే అన్నీ పురుగుమందులే. అవి ఉన్న గదిలో కప్ప ఉండకూడదు, అంతే. కర్పూరం, అగరొత్తులు, సాంబ్రాణి పొగ విషయంలో అంత తీవ్రంగా చెప్పలేకపోయినా, తడిగా ఉండే చర్మం మీద పొగ పేరుకుంటుందన్నది గుర్తు పెట్టుకుని, పెట్టెను పూజగదికి, వంటగదికి దూరంగా, తలుపు వేసుకునే గదిలో పెట్టండి. ఎండుమిరపకాయల పోపు పొగకు పక్కగదిలో మనమే దగ్గుతాం. బట్టల బీరువాలో వేసే కలరా ఉండలు, నేల తుడిచే ఫినాయిలు, రూమ్ ఫ్రెష్‌నర్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఇంకొక జాగ్రత్త. యాజమాన్యం వారు చీమల మందు కొట్టించే రోజును ముందుగా తెలుసుకుని, ఆ రోజు, ఆ తరువాత రెండు మూడు రోజులు కప్పను స్నేహితుల ఇంట్లో ఉంచడం మంచిది.

వేడి, వెలుతురు

పగలు 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్, అంటే 75 నుంచి 82 ఫారెన్‌హీట్, రాత్రి 20 డిగ్రీలకు కాస్త అటూఇటూ. ఇల్లు చల్లగా ఉంటే థర్మోస్టాట్ తగిలించిన సిరామిక్ హీటర్ పెట్టె బయట, పైన అమర్చండి. లోపల పెట్టే వేడి రాళ్లు కాళ్లు కాలుస్తాయి. పగటి వెలుగు పన్నెండు గంటలు, రాత్రి పూర్తి చీకటి. ఇది రాత్రించర ప్రాణి అయినా, పగటి వెలుగులో తక్కువ తీవ్రత గల యూవీబీ (అతినీలలోహిత కాంతి) ట్యూబు ఉంటే ఎముకలకు మేలు. యూవీబీ గాజు గుండా రాదు, కాబట్టి కిటికీ ఎండ దానికి బదులు కాదు. పైగా కిటికీ ఎండలో గాజు పెట్టె అరగంటలో పొయ్యి అవుతుంది.

తిండి

చాలా తెలుగు ఇళ్లలో బేరం ఇక్కడ ఆగిపోతుంది. ఈ కప్ప బతికున్న, కదిలే పురుగుల్నే తింటుంది. గుళికలు, అన్నం మెతుకులు, కూరగాయలు దానికి తిండి కావు. శాకాహారుల ఇంట్లో కీచురాళ్ల డబ్బా ఉంచడానికి పెద్దవాళ్లు ఒప్పుకుంటారా అన్నది కప్పను తెచ్చాక తేల్చుకునే విషయం కాదు.

ప్రధాన ఆహారం కీచురాళ్లు, డ్యూబియా బొద్దింకలు. పురుగు పొడవు కప్ప రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పిల్ల కప్పలకు దాదాపు రోజూ, ఏడాది దాటినవాటికి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి అయిదారు పురుగులు చాలు. రాత్రి దీపం ఆర్పిన తరువాత వేయండి. తినకుండా మిగిలిన కీచురాళ్లను తెల్లారేలోగా తీసేయాలి. ఆకలిగొన్న కీచురాయి నిద్రపోతున్న కప్ప చర్మాన్ని కొరుకుతుంది. పెరట్లో పట్టిన మిడతలు, వాకిట్లో దొరికిన పురుగులు వద్దు. వాటి ఒంట్లో ఏ మందు ఉందో తెలియదు, మిణుగురు పురుగుల్లోనైతే సహజంగానే విషం ఉంటుంది.

కీచురాళ్లలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఉన్నవి ఉన్నట్టుగా నెలల తరబడి వేస్తే కప్ప తన ఎముకల్లోని కాల్షియాన్ని ఖర్చు పెట్టుకుంటుంది, దవడ మెత్తబడుతుంది, వెన్ను వంకర పోతుంది. దీన్ని సరిదిద్దే మార్గాలు రెండు, రెండూ కావాలి. మొదటిది, కప్పకు వేయడానికి ఒక రోజు ముందు పురుగులకు మంచి మేత పెట్టడం. వంటకు తరిగిన క్యారెట్ చివరలు, చిలగడదుంప ముక్కలు ఇందుకు బాగుంటాయి. పాలకూర, తోటకూర మాత్రం వద్దు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. రెండవది, పొడి అద్దడం. ఒక ప్లాస్టిక్ గ్లాసులో చిటికెడు విటమిన్ డీ3 కలిసిన కాల్షియం పొడి వేసి, పురుగుల్ని అందులోకి వదిలి, మూత పెట్టి, గారెలకు పిండి పట్టించినట్టు కాకుండా, విబూది అంటినంత పలచగా పట్టేలా ఒకసారి గిలకరించి వెంటనే కప్పకు వేయాలి. వారానికి ఒకసారి కాల్షియానికి బదులు విటమిన్ ఏ ఉన్న మల్టీవిటమిన్ పొడి వాడండి. ఆ విటమిన్ లోపించిన కప్ప నాలుక పురుగుకు అతుక్కోదు. గురి చూసి దూకుతుంది, నాలుక తగులుతుంది, పురుగు మాత్రం జారిపోతుంది. చూసేవారికి ముసలితనం అనిపిస్తుంది, అది లోపం.

ఇక తిండి ఎక్కువ పెట్టడం ఈ జాతి యజమానులందరూ చేసే తప్పు, నేనూ చేశాను. పటకారుతో మైనపు పురుగు అందిస్తే మా కప్ప నా వేలిని కూడా వదలనంత ఆత్రంగా దూకేది, ఆ వినోదం చూడడానికి ఇంటికి వచ్చిన ప్రతి అతిథి ముందూ ఒకటి తినిపించేవాళ్లం. పండగల నెల గడిచేసరికి కళ్ల పైన ఉండే మడత ఉబ్బి, రెప్ప మీద వాలిన టోపీలా కళ్లను కప్పడం మొదలుపెట్టింది. ఈ జాతిలో కొవ్వు మొదట కనిపించేది అక్కడే. మైనపు పురుగుల్లో ఉన్నది చాలావరకు కొవ్వు కాబట్టి నెలకు ఒకటి రెండుకు మించి పెట్టవద్దు.

అందుకే నెలకు రెండుసార్లు తూకం వేయండి. కప్పల తక్కెడ అని మనవాళ్లు ఊరికే అనలేదు. పళ్లెం మీద పెట్టిన మరుక్షణం అది గోడ మీద ఉంటుంది. మూతకు రంధ్రాలున్న చిన్న డబ్బాను ముందు తక్కెడ మీద పెట్టి సున్నా చేసి, కప్పను డబ్బాలోకి నడిపించి, మూత పెట్టి తూచాలి. ఒక్క అంకెకు అర్థం తక్కువ, వరుసగా రాసుకున్న అంకెలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నదే చెబుతుంది. దీనికి వాడే తక్కెడ వంటగది తక్కెడ కాకూడదు.

చేతులు

ఈ కప్ప చేతికి వస్తుంది, మణికట్టు మీద కూర్చుంటుంది, కానీ దానికి ఆ ముచ్చట అక్కరలేదు. పెట్టె శుభ్రం చేయడానికి, తూకానికి, వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లడానికి తప్ప ముట్టుకోకపోవడమే మంచిది. మన చేతి మీద ఉప్పు ఉంటుంది. ఆవకాయ కలిపిన చేతి మీద, కూరలో కారం వేసిన చేతి మీద ఏముంటుందో చెప్పనక్కరలేదు. లోషన్, శానిటైజర్, కొబ్బరినూనె కూడా అంతే. ముట్టుకోవలసి వస్తే చేతులు సబ్బుతో కడిగి, సబ్బు జాడ లేకుండా ధారాళంగా నీళ్లతో కడిగి, క్లోరిన్ లేని నీటితో చివరిసారి తడిపి, తడి చేత్తోనే పట్టుకోవాలి. పౌడర్ లేని నైట్రైల్ తొడుగులను తడిపి వేసుకుంటే ఇంకా నయం.

పట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవడం మన కోసం. కప్పల మీద సాల్మొనెల్లా బాక్టీరియా వాటికి ఏ జబ్బూ చేయకుండానే ఉండవచ్చు. అయిదేళ్ల లోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంటికి కప్పలు తగవని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సూచిస్తుంది. గిన్నె నీళ్లను వంటగది సింకులో పారబోయవద్దు.

కంగారు పడవలసినవి, అక్కరలేనివి

ఒక రాత్రి మీ కప్ప వీపు వంచి, నోరు పదేపదే తెరిచి మూస్తూ, ముందు కాళ్లతో మొహాన్ని నెత్తి మీద నుంచి కిందికి తుడుచుకుంటూ, ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టు కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను అర్ధరాత్రి అత్యవసర వైద్యశాల ఎక్కడుందో వెతికాను. దీపానికి దగ్గరగా చూస్తే నోటి మూలల్లోకి పలుచని పొర ఒకటి, అరిసె పాకం తీగలా సాగుతూ లోపలికి పోతుండడం కనిపించింది. అది చర్మం విడుస్తోంది; విడిచిన చర్మాన్ని అదే తినేస్తుంది. పది నిమిషాల తరువాత ఏమీ జరగనట్టు నిగనిగలాడుతూ కూర్చుంటుంది. ఇది తరచుగా జరిగేదే.

రంగు ఆకుపచ్చ నుంచి గోధుమకు మారడం కూడా చలికో, బెదురుకో జరిగే మార్పే. గంటల్లో తిరిగి పచ్చబడితే చింత లేదు. రోజుల తరబడి నల్లబారి ఉండడం, పగలూ రాత్రీ గిన్నెలోనే కూర్చోవడం, తొడల లోపలి వైపు ఎర్రబడడం, రెండు వారాలుగా తిండి ముట్టకపోవడం, వెల్లకిలా పడితే తిరగలేకపోవడం, చర్మం పొరలు పొరలుగా ఊడుతూ అతుక్కుని ఉండడం మాత్రం వైద్యుడికి చూపించవలసిన లక్షణాలు. వీటిలో కొన్ని కైట్రిడ్ అనే శిలీంధ్రం వల్ల రావచ్చు. ప్రపంచంలో ఎన్నో కప్ప జాతుల్ని తుడిచిపెట్టిన ఈ వ్యాధి ఎలా చంపుతుందో 2009లో వెలువడిన పరిశోధనలో తేలింది. ఆ పరిశోధన జరిగింది ఈ ఆకుపచ్చ చెట్టు కప్పల మీదే. శిలీంధ్రం చర్మంలో చేరి లవణాల రాకపోకల్ని దెబ్బతీస్తే, రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగిపోతుంది. కొత్తగా తెచ్చిన కప్పను, ఇంట్లో ఇదివరకే ఒకటి ఉంటే, రెండు నెలలు వేరే గదిలో, వేరే గిన్నెలు, వేరే పటకారుతో ఉంచాలని పట్టుబట్టేది ఇందుకే. చర్మం మీద దూది పుల్లతో తీసిన నమూనాతో పరీక్ష చేస్తారు, సమయానికి తెలిస్తే మందు ఉంది.

కుక్కల్నీ పిల్లుల్నీ చూసే ప్రతి వైద్యుడూ కప్పను చూడడు. కప్ప రాకముందే చూసేవారిని వెతికి పెట్టుకోండి. అమెరికాలో అసోసియేషన్ ఆఫ్ రెప్టైల్ అండ్ యాంఫిబియన్ వెటరినేరియన్స్ జాబితా ఇందుకు పనికొస్తుంది. మనుషుల మందులు, పసుపు, వేప కషాయం లాంటి గృహవైద్యం వేటినీ దాని చర్మం మీద ప్రయోగించవద్దు.

మగకప్ప అయితే అరుస్తుంది. వాన కురిసినప్పుడే కాదు, మిక్సీ తిరిగినా, వాక్యూమ్ క్లీనర్ మోగినా, ఎవరైనా స్నానానికి షవర్ తిప్పినా దానికి ఋతువు వచ్చినట్టే. పడుకునే గదిలో పెట్టుకోకండి.

ఊరెళ్లేటప్పుడు

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కప్ప వారం రోజులు తిండి లేకుండా ఉండగలదు, కానీ మురికి నీళ్లతో రెండు రోజులు కూడా ఉండకూడదు. వేసవి సెలవుల్లో నెల రోజులు ఇండియా వెళ్లేవారు అందుకే మనిషిని ఏర్పాటు చేసుకోవాలి. ఇక పెంచలేమనిపిస్తే పెంపకందారుకో, సరీసృపాల, ఉభయచరాల సంరక్షణ సంస్థకో ఇవ్వండి. చెరువు గట్టున మాత్రం వదలవద్దు. అక్కడి చలికి అది చావవచ్చు, బతికితే దాని ఒంటి మీది రోగాలు అక్కడి కప్పలకు అంటుకోవచ్చు.

మేము వెళ్లే ముందు పక్కింటివారిని పిలిచి రెండు సాయంత్రాలు మా ఎదుటే పని చేయిస్తాం. గిన్నెలోకి పోసే నీళ్లు ముందే డీక్లోరినేటర్ కలిపి, తేదీ రాసి, క్యాన్లలో పట్టి పెడతాం. పెట్టె తలుపు మీద ఒక కాగితం అంటిస్తాం: నీళ్లు రోజూ మార్చాలి, ఈ క్యానులోవే పోయాలి. తిండి సోమవారం, శుక్రవారం, అయిదేసి పురుగులు, పొడి అద్ది. మిగిలిన పురుగులు పొద్దున తీసేయాలి. ముందూ వెనకా చేతులు కడగాలి. ఈ గదిలో దోమల మందు, అగరొత్తి వద్దు. నోరు తెరిచి మొహం తుడుచుకుంటుంటే భయపడవద్దు, గిన్నెలోంచి రెండు రోజులు బయటకు రాకపోతే వైద్యుడికి ఫోన్ చేయాలి, నంబరు కింద ఉంది.